జాడ సరిపోలలేదు

ఆగస్టు 2

బయట 47, లోపల 41. నీళ్ళు ఉదయం గంటన్నర వచ్చాయి. పాప నిద్ర ఆరు గంటలు.

బడి ఈడు పిల్లలున్న ప్రతి ఇల్లూ ఈ అంకెలు రోజూ రాయాలని నగర పాఠశాలా మండలి ఆజ్ఞ. కింద 'ఇతర విషయాలు' అని అరపేజీ ఖాళీ వదిలారు. నాలాంటిదానికి ఖాళీ వదలడం వాళ్ళ పొరపాటు.

ఇవాళ గోడ పలక మీద 'బడులు తెరిచే వేళ కుటుంబాలకు సమాచారం' వచ్చింది. పద్నాలుగు అంశాలు. బట్టలు ఉతికిన నీళ్ళతో నేను గచ్చు తుడుస్తుంటే నా మనవరాలు తుషార నిలబడి పైకి చదివింది. దానికి పదేళ్ళు. తుషారం అంటే మంచు. ఆ పేరు పెట్టిననాడు మా అల్లుడు బతికే ఉన్నాడు, ఇంట్లో హాస్యం ఉండేది.

రెండేళ్ళ ఎండ సెలవుల తర్వాత ఇరవై ఎనిమిదిన బడులు తెరుస్తారు. ప్రతి పిల్లా ఒంటిని చల్లబరిచే నీటి చొక్కా, చిల్లులు లేనిది, తొడుక్కుని రావాలి. తాగే నీళ్ళు మూడు వందల మిల్లీలీటర్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. జ్వరం టీకా వేయించిన గుర్తు మణికట్టు మీద కనిపించాలి. ఏడున్నరకి ఎండ సైరన్ మోగుతుంది, ఆ తర్వాత వచ్చినవారికి హాలు తలుపు తీయబడదు. మధ్యాహ్న భోజనం మండలిదే, రుచి గురించిన ఫిర్యాదులు స్వీకరించబడవు.

"అమ్మమ్మా, బడి చలువ హాల్లో ఎంత ఉంటుంది?"

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరంటే ఎలా ఉంటుంది?"

"దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది."

"దుప్పటి కింద పరుచుకునేది కదా. కప్పడం ఎందుకు? ఎవరికి కప్పుతారు?"

"ముందు చదువు" అన్నాను. దీన్ని ఒక వాక్యం చదవమంటే మూడు ప్రశ్నలు వేస్తుంది.

తొమ్మిదో అంశం దగ్గర ఆగింది. "జాడ పరీక్ష అంటే ఏంటి?"

గుడ్డ పిండి ఆరేసి నేనే వచ్చి చదివాను. ఇళ్ళ దగ్గర చదువుకున్న ఈ రెండేళ్ళలో ప్రతి విద్యార్థీ పలక మీద చేసిన పనినిబట్టి మండలి ఒక జాడ తయారుచేసిందట. ఎక్కడ ఆగుతారు, ఏది ముందు రాస్తారు, ఏ తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తారు, ఏ ప్రశ్నకు విసుక్కుంటారు, అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిదో తేదీన పిల్లలు నలభై నిమిషాలు కూర్చుని రాయాలి. రాసింది ఆ జాడతో నూటికి ఎనభై సరిపోలితే హాల్లో కుర్చీ ఇస్తారు. ఒకరి కుర్చీలో మరొకరు దూరకుండా ఈ ఏర్పాటు.

"నా జాడ ఎలా ఉంటుంది అమ్మమ్మా?"

"తడి గచ్చు మీద నడిస్తే కనిపిస్తుంది. పక్కకి జరుగు" అన్నాను.

ఆగస్టు 3

బయట 47, లోపల 42. నీళ్ళు గంట. పాప నిద్ర ఏడు గంటలు, నాది లేదు. నాది అడగలేదు కూడా.

రాయక తప్పదు. ఆ రెండేళ్ళ పనీ నేను చేసిందే.

మొదట దానికి పదకొండు రోజులు జ్వరం వచ్చింది. పలక సాయంత్రం ఆరింటికి మూసుకుంటుంది, ఖాళీగా పంపితే సున్నా. ఇలా తే, అన్నాను. జ్వరం తగ్గాక కూడా ఇలా తే, అన్నాను. మన ఇళ్ళలో దీన్నెవరూ నేరం అనుకోరు. నా రికార్డు బుక్కులో మందారపువ్వు అడ్డుకోత మా నాన్నగారు గీశారు. మా అమ్మాయి మేదిని రికార్డులో కప్పను నేను గీశాను, ఆ కప్పకు జిల్లా బహుమతి వచ్చింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను, వృక్షాలు ఉన్నంతకాలం. నేను దిద్దిన రికార్డుల్లో సగం మేనమామలు గీసినవేనని తెలుసు. మేనమామలకే మార్కులు వేశాను.

పైగా పాప రాసినది చూస్తూ ఊరుకోలేకపోయేదాన్ని. ఆకు పచ్చగా ఎందుకు ఉంటుంది, అని మూడో తరగతి ప్రశ్న. ఇంకా ఎండలేదు కాబట్టి, అని రాసింది. అది కొట్టేసి పత్రహరితం గురించి ఏడు వాక్యాలు రాశాను. మండలి పదికి తొమ్మిది ఇచ్చింది. ఆ పోయిన ఒక్క మార్కు కోసం నాలుగు అర్జీలు పెట్టాను, అసలు ప్రశ్నే సరిగా లేదని వాదించాను. అన్నీ తుషార పేరు మీదే.

మేదిని షిఫ్టు దిగి రాగానే చెప్పాను. అది సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీలో జల్లెడలకు పేరుకున్న ఉప్పు గోకుతుంది. వ్యవసాయ శాస్త్రం చదివింది, చదువు పూర్తయ్యేసరికి వ్యవసాయం పూర్తయింది. కుర్చీ దొరకని పిల్లలు పన్నెండో ఏట పనుల జాబితాలోకి పోతారు. మా భవనంలో పనుల జాబితా అంటే ఆ ఉప్పే.

అరచేతుల పగుళ్ళకు నూనె రాసుకుంటూ విని, "అంటే దాన్ని నీతో పోలుస్తారా అమ్మా?" అంది.

"అవును."

"నలభై ఏళ్ళుగా నన్ను పోల్చారు. ఇంక దాని వంతు."

ఆగస్టు 9

బయట 48, లోపల 42. నీళ్ళు లేవు. పాప నిద్ర ఐదు గంటలు.

పరీక్ష ఇంట్లోనే, గోడ పలక ముందు. నేను వంటింట్లో ఉండాలి, మాట్లాడకూడదు. నలభై నిమిషాలు మాట్లాడకుండా ఉండడం నాకూ పరీక్షే. పాప హాయిగా రాసింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. దాని నవ్వు విన్నప్పుడే అయిపోయిందనుకున్నాను. ఆ జాడ తాలూకు మనిషి పరీక్షల్లో నవ్వదు.

మండలి గొంతు మెత్తగా ఉంటుంది, పేషెంటుతో మాట్లాడుతున్నట్టు. "సరిపోలిక ముప్పై ఒకటి. నమోదైన విద్యార్థిని నెమ్మదిగా రాస్తుంది. విస్తారమైన పదసంపద. ప్రశ్నలోనే తప్పు వెతికే స్వభావం. సహనం తక్కువ. హాజరైన బాలిక ఆ విద్యార్థిని కాదు. మీ కుటుంబాన్ని చూసి మండలి గర్విస్తోంది." ఆ చివరి మాట ఎవరికైనా చెబుతుంది.

"అయితే నేనెవరట?" అంది పాప.

నా గురించి అంత క్లుప్తంగా, సరిగ్గా ఎవరూ చెప్పలేదు. మా ఆయన కూడా ముప్పై ఏళ్ళు తీసుకున్నాడు.

మా అంతస్తులో పదకొండు మంది పిల్లలు. నలుగురికే కుర్చీలు వచ్చాయి. పక్కింటి గౌసియా కూతురు నూర్‌కి తొంభై నాలుగు. "దాని పలక నేనెప్పుడూ తెరిచి చూడలేదు ఆంటీ, టైమెక్కడిది" అని గౌసియా తలుపు దగ్గర నిలబడి సిగ్గుపడింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆ నలుగురు పిల్లలూ అచ్చం వాళ్ళలాగే ఉన్నారు. మిగతా ఏడుగురివీ శ్రద్ధగల కుటుంబాలు.

ఆగస్టు 12

బయట 46, లోపల 41. నీళ్ళు రెండు గంటలు, పండగే. పాప నిద్ర ఆరు.

తెల్లారి ఐదింటికే మండలి ఆఫీసు ముందు నిలబడ్డాను. రికార్డుల కిటికీలో ఎస్తేరు రాణి అని నడివయసు గుమాస్తా. మనిషిని చూసి చాలాకాలమైంది, ఆఫీసుల్లో.

"అది మీరే రాశారని నాకు తెలుసండి మామ్మగారూ. ఒప్పుకుంటే మాత్రం రెండేళ్ళ పనీ రద్దయిపోద్దండి. పాప మళ్ళీ మూడో తరగతి. మూడుకి తొమ్మిదేళ్ళు దాటకూడదండి. ఇంకెక్కడ కూర్చోబెడతాం?"

"పదేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్లలా రాసింది. అందులో తప్పేముంది?"

"తప్పని ఎవరన్నారండి. సరిపోలలేదంతే."

"ఆ జాడ నాది. నేను సజీవంగా మీ ఎదురుగా ఉన్నాను."

ఆమె తన పలకలో కాసేపు వెతికింది. "మీరొచ్చి రాస్తే కుర్చీ వచ్చేద్దండి. పాపకి కాదు, మీకు. ఐదో తరగతి, ఏడో హాలు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు." నవ్వలేదు. ఐదో తరగతి నిబంధనల్లో వయసు మాటే లేదట.

డెబ్భై మూడేళ్ళ వయసులో ఇరవై ఆరు డిగ్రీల చల్లదనంలో కూర్చుని ఐదో తరగతి చదవాలని ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. అది కూడా ఈ అరపేజీలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

ఎస్తేరు రాణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇరవై అయిదున మళ్ళీ పెడతారండి, అదే ఆఖరు. పెద్ద తరగతులకి ఏప్రిల్లోనే పెట్టారండి. మా పెద్దమ్మాయి హోంవర్కు మా ఆయన చేసేవాడు. ఇలాగే పోయింది. మూడు వారాలు కూర్చోబెట్టి ఆయనలా రాయడం నేర్పించామండి. రెండోసారి తొంభై వచ్చింది."

"ఇప్పుడెలా ఉంది అమ్మాయి?"

ఆమె నా వెనకాల నిలబడ్డవాళ్ళను చూసింది. "కుర్చీ ఉందండి" అంది.

ఆగస్టు 14

బయట 47, లోపల 41. నీళ్ళు గంట. పాప నిద్ర ఏడు గంటలు.

నన్ను నేను పాఠంగా చెప్పడం మొదలుపెట్టాను. ప్రశ్న చదవగానే రాయకు, ఆగు. ప్రశ్న వేసినవాడికి విషయం తెలియదని అనుకో, సాధారణంగా అది నిజమే. వాడి తప్పు ముందు చెప్పు, జవాబు తర్వాత చెప్పు. జవాబులో 'అనుకుంటా' అన్న మాట రాకూడదు.

పాపకు ఇది ఆటలా ఉంది. "నువ్వు విసుక్కునే ముందు ముక్కు ఎగబీలుస్తావు అమ్మమ్మా. అదీ చెయ్యాలా?"

"పలకకి వినిపించదు."

"నాకు హెల్ప్ అవుతుంది" అని ఎగబీల్చింది. నా ముక్కు అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు.

పలకలో సాధన కొలత ఒకటి ఉంది. నిన్న 38, ఇవాళ 46.

ఆగస్టు 18

బయట 49, లోపల 43. నీళ్ళు గంట. పాప నిద్ర ఐదు.

71.

మేదిని షిఫ్టు దిగి చెప్పులు విప్పుతూ లోపలి గదిలోంచి వచ్చిన మాట విని, "ఎవరి మీద విరుచుకుపడుతున్నావమ్మా మళ్ళీ?" అంది. నేను దాని వెనకే, మెట్ల మీద బకెట్‌తో ఉన్నాను. లోపల మాట్లాడుతున్నది పాప. నీటి ఆవిరి పాఠంలోని మూడో బొమ్మ తప్పని పలకకు చెబుతోంది. బొమ్మ నిజంగానే తప్పు.

"ఇంట్లో నువ్వొక్కదానివి చాలవా?" అంది మేదిని. అని, కొలత ఎంతకు వచ్చిందని అడిగింది.

ఆగస్టు 20

బయట 48, లోపల 42. నీళ్ళు అరగంట. పాప నిద్ర ఆరు.

రెండు రోజులుగా 74 దగ్గర కదలడం లేదు. పలకలోని వివరణ అంతా చదివాను. నా జాడలో ఒక గడి ఉంది, 'ప్రశ్నించే ధోరణి: లేదు.' పాప ప్రతి జవాబు చివరా తనది ఒక ప్రశ్న తగిలిస్తోంది. సముద్రపు నీటిని శుద్ధి చేసే విధానం రాయమంటే అంతా నాలాగే రాసి, కింద ఇలా రాసింది: 'తీసేసిన ఉప్పు మళ్ళీ సముద్రంలోనే వేస్తే సముద్రానికి దాహం వెయ్యదా?'

"ఇది రాయకూడదు" అన్నాను.

"ఎందుకు? నీకు తెలుసుకోవాలని లేదా?"

లేదు. నాకు చాలా ఏళ్ళుగా ఏదీ కొత్తగా తెలుసుకోవాలని లేదు. యంత్రానికి అది దొరికింది.

"రాయను. మనసులో అనుకుంటా" అంది. మనసులో అనుకుంటున్నంతసేపు చెయ్యి ఆగుతుంది, ఆ ఆగడం పలక పట్టేస్తుంది. మధ్యాహ్నం మళ్ళీ చేసి చూశాం. 74.

ఆగస్టు 23

బయట 48, లోపల 43. నీళ్ళు గంట. పాప నిద్ర నాలుగు గంటలు.

చేసింది రాస్తాను. ఇరవై ఒకటో తేదీ ఉదయం నుంచి అది ఏం అడిగినా జవాబు చెప్పడం మానేశాను. అన్నం తింటావా అంటే తింటానంటుంది, నీళ్ళు పట్టు అంటే పడుతుంది, ఆ మాటలు మామూలుగానే ఉన్నాయి. ప్రశ్న అడిగితే మాత్రం నేను గోడవైపు చూస్తాను, వినబడనట్టు.

మొదటి రోజు ముప్పై నాలుగు ప్రశ్నలు. లెక్క పెట్టాను, వృత్తి అలవాటు. మర్నాడు పంతొమ్మిది. ఇవాళ ఆరు, అందులో రెండు నాకు కోపం వచ్చిందా అని.

ఇవాళ మేదినికి సెలవు. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది. "ఎందుకమ్మా దాన్ని అలా చేస్తున్నావు?" అని వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. దాని అరచేయి రంపంలా గీసుకుంది. నేను గోడవైపు చూశాను. అది తన చేతిని వెనక్కి తీసుకుని, తిప్పి, కాసేపు చూసుకుంది.

"ఇంకా రెండు రోజులే కదా" అంది.

సాయంత్రం కొలత 83.

ఆగస్టు 25

బయట 46, లోపల 41. నీళ్ళు గంటన్నర. పాప నిద్ర ఏడు గంటలు, కదలకుండా పడుకుంది.

నవ్వు వినిపించలేదు. నలభై నిమిషాలు పట్టాల్సిన పరీక్ష నలభైకి సరిగ్గా అయింది.

"సరిపోలిక ఎనభై ఆరు. నమోదైన విద్యార్థిని తిరిగి వచ్చినందుకు మండలి సంతోషిస్తోంది. ఏడో హాలు, రెండు వందల పన్నెండో కుర్చీ. పదో తరగతి వరకు ఏడాదికి మూడుసార్లు జాడ సరిచూడబడును."

ఆరేళ్ళలో పద్దెనిమిది సార్లు. అంతవరకు నేను ఉండను. జాడ ఉంటుంది.

మేదిని దాన్ని ఎత్తుకుని గదంతా తిప్పింది. పదేళ్ళ పిల్లను ఎత్తుకునే ఓపిక ఎక్కడిదో. పాప దాని భుజం మీంచి నా వైపు చూసి, "ఏడో ప్రశ్నలో కొలమానం ఇవ్వలేదు. చెప్పాను వాళ్ళకి" అంది.

బాగా చెప్పావు, అన్నాను. ఇక మాట్లాడొచ్చు, ఏమైనా అడుగు, అని కూడా అన్నాను. సరే అంది.

ఆగస్టు 28

బయట 47, లోపల 41. నీళ్ళు గంట. పాప నిద్ర ఆరు.

నీటి చొక్కాలో రెండు చిల్లులకు సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాను. ఏడుంపావుకి హాలు ముందు ఉన్నాం. పిల్లల వరుస భవనం మలుపు దాకా ఉంది. కుర్చీ రాని పిల్లలు కొందరు తల్లులతో వచ్చి రోడ్డవతల నిలబడ్డారు, ఊరికే చూడ్డానికి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ చల్లగాలి రోడ్డు సగం వరకు వస్తుంది. అందుకే నిలబడ్డారేమో.

నూర్ పరిగెత్తుకుంటూ వచ్చి మా పాప చెయ్యి లాగింది. "దా తుషీ, కిటికీ పక్కన కూర్చుందాం, దా."

"పరిగెత్తితే చొక్కాలో నీళ్ళు వేడెక్కుతాయి. సర్క్యులర్‌లో రాశారు, చదవాలి కదా" అంది పాప.

నూర్ దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి పకపకా నవ్వింది. "అచ్చం మీలాగే ఆంటీ" అంది గౌసియా. మెచ్చుకోలే అనుకుంటాను. నూర్ ఇంకెవరి చెయ్యో పట్టుకుని వెళ్ళింది. పాప వరుసలో తన చోట నిలబడింది. సైరన్ మోగడానికి నాలుగు నిమిషాల ముందు లోపలికి వెళ్ళింది, వెనక్కి తిరగలేదు. తలుపు మూసేశారు.

సాయంత్రం, ఏం చెప్పారు బళ్ళో, అని అడిగాను.

"కొత్తదేం లేదు."

ఎంత చల్లగా ఉందన్నాను.

"ఇరవై ఏడు. ఇరవై ఆరని రాశారు."

సెప్టెంబరు 1

బయట 46, లోపల 40. నీళ్ళు గంటన్నర. పాప నిద్ర ఎనిమిది గంటలు.

మొదటి హోంవర్కు వచ్చింది. 'మీ గురించి పది వాక్యాలు రాయండి.' ఐదింటికి పలక ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే, అక్కర్లేదంది. ఆరుకి పది నిమిషాలుండగా పూర్తయింది. పంపేముందు చూపించమంటే చూపించింది.

'మీ గురించి' అని అడగడం స్పష్టంగా లేదు, ఏ విషయం కావాలో చెప్పలేదు. అయినా రాస్తున్నాను. నాకు తొందరపాటు నచ్చదు. తెలియకుండా మాట్లాడేవారితో నాకు పడదు. ఒకప్పుడు మన ఊళ్ళో నలభై రకాల చెట్లు ఉండేవి, ఇప్పటివాళ్ళకు వాటి పేర్లు తెలియవు. నాకు స్నేహితులు తక్కువ, అవసరం లేదు. ఇలా పది. ఆరో వాక్యం, మెట్లు ఎక్కితే మోకాళ్ళు నొప్పి పెడతాయని.

మేదిని నా భుజం మీంచి చదివి, వంటింట్లోకి పోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు లేవు. ఉత్త గిన్నెలే కదుపుతోంది.

పలక మూసుకున్నాక పాపను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"తుషీ, నన్నేమైనా అడుగు. పిచ్చిదైనా పర్లేదు. తెలిస్తే చెప్తాను, తెలియకపోతే ఇద్దరం ఆలోచిద్దాం."

అది నా మొహంలోకి చూసింది. నాకేం కావాలో అక్కడ రాసి ఉందేమోనని వెతికింది.

"ఇది కూడా పరీక్షేనా?"

"కాదమ్మా. ఒట్టు."

నమ్మలేదు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మండలివాళ్ళతో మాట్లాడే గొంతుతో, "అడగడానికి ఏమీ లేదండి" అంది.